వ్యానప్ప బేసు పెట్టె

మొన్నొకాయన కొత్త కారులో మా కొట్టుకు వచ్చి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద బేసు పెట్టె కట్టమన్నాడు. ధర అడగలేదు. ఒక పాట వినిపించమని కూడా అనలేదు. నేను ఆయన కారు వైపు ఓసారి చూసి, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారండీ అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. కారు స్టీరియోలు కట్టేవాడు అడగాల్సిన ప్రశ్నలా తోచలేదు కాబోలు. ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరినీ ఈ మాట అడుగుతూనే ఉన్నాను గానీ, ఇది నా సొంత మాట కాదని ఆయన చూపు చూశాకే గుర్తొచ్చింది.

ఆ మాట నేర్పిన మనిషి పేరు నాకు తెలియదు. ఐదారేళ్లు మా కొట్టుకు వచ్చిపోయిన మనిషి పేరు తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. శృంగవరపుకోట, అదే మేం ఎస్.కోట అనే ఊరు, అక్కణ్ణించి విజయనగరానికి షేరు వ్యాను నడిపేది. మా వైపు అప్పంటే అక్క. ఎక్కేవాళ్లు ఎదుట అప్పా అని, చాటున వ్యానప్ప అని పిలిచేవారు. నా ఫోనులోనూ ఆమె వ్యానప్పే.

అప్పటికి నలభై అయిదేళ్లుంటాయి. కురచ మనిషి, గట్టి ఒళ్లు. చీర మీద ఖాకీ చొక్కా వేసుకునేది, బొత్తాలు మాత్రం పెట్టుకునేది కాదు. భర్తకు చూపు మందగించి బండి నడపలేకపోతే, అమ్మడానికి మనసొప్పక తనే స్టీరింగు పట్టుకుందట. అంతకుముందు పొలంలో ట్రాక్టరు తోలిన చెయ్యి. అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. బయటికి నిప్పు కనబడదు. కొత్తగా ఎక్కినవాళ్లు ముందు సీట్లోంచి పొగ లేవడం చూసి ఇంజను కాలుతోందని కంగారుపడేవారు. ఏదైనా గట్టి సంగతి మాట్లాడాలంటే ఆ చుట్టను వేళ్లతో నలిపి ఆర్పి, చెవి మీద పెట్టుకునేది. చుట్ట చెవి మీదికి ఎక్కిందంటే బేరం మొదలైందని మేం తెలుసుకున్నాం.

మొదటిసారి వచ్చింది ఒక సోమవారం పొద్దున. కార్లలో పెన్‌డ్రైవు పెట్టుకునే స్టీరియోలు బాగా పాకుతున్న రోజులవి. రింగు రోడ్డు మీద నేను కొట్టు పెట్టి రెండేళ్లయింది. మా నాన్న గంటస్తంభం దగ్గర ముప్పయ్యేళ్లు రేడియోలూ టేప్‌రికార్డర్లూ అమ్మి, ఆ కొట్టు మూసేశాక నా కొట్లో ఫ్యాను కింద పేపరు పట్టుకుని కూర్చునేవారు. బేసంటే ఆయనకు గిట్టదు. పాటంటే మాట వినబడాలి, ఇది పాటో వడ్లు దంచడమో తెలియడం లేదు అనేవారు.

ఆమె చిలకాకుపచ్చ రంగు వ్యానును గుమ్మానికి అడ్డంగా ఆపి దిగింది. చుట్ట చెవి మీదికి వెళ్లింది.

"బాబూ, గుండెల్లో కొట్టే డబ్బా ఉంటాదంట కదా. అదేటో సూపించు."

సంగతేమిటంటే, ఆ రూట్లోకి కొత్తగా ఇంకో వ్యాను వచ్చింది. దాని డ్రైవరు కుర్రవాడు, వెనకాల పెద్ద బేసు పెట్టె కట్టించుకున్నాడు. పొద్దుటి పూట విజయనగరం కాలేజీలకు వచ్చే పిల్లలు ఈమె బండిని వదిలేసి అతని బండి కోసం నిలబడుతున్నారు. ఆ పిల్లలే ఆమె బండికి ఆదరువు. వాళ్లు ఎక్కకపోతే డీజిలు కూడా రాదని, ఏడుపు లేకుండా, వానలు పడలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నేను పన్నెండంగుళాల పెట్టె, దాని పక్కన బంగారు అక్షరాలతో వెయ్యి వాట్లు అని రాసున్న యాంప్లిఫయరు పెట్టాను. అది ఆరు నెలలుగా కదలని సరుకు. ఎలాగైనా ఆమెకు అంటగట్టాలనే ఉంది నాకు, దాచుకోవడమెందుకు. ఆమె ఆ యాంప్లిఫయరును ఒంటి చేత్తో ఎత్తి, ఆనపకాయ బరువు చూసినట్టు పైకీ కిందికీ ఆడించింది. వెయ్యి అని రాసి ఇంత తేలిగ్గా ఉందేమని అడిగింది. నేను ఏదో చెప్పబోతే, నిజం చెప్పరా అని నాన్న పేపరు వెనకనుంచి అన్నారు.

చెప్పాను. వెయ్యి అన్నది ఒక్క క్షణం ఎగసిపడే బలం. ఆగకుండా గంటసేపు ఇవ్వగలిగేది అందులో పదో వంతు కూడా ఉండదు.

ఆమె యాంప్లిఫయరును బల్ల మీద దించింది. "అంటే వెయ్యన్నది పెళ్లి బోజనం లెక్క. రోజూ ఇంటికాడ ఎంత తింటాదో అది సెప్పు."

నాన్న పేపరు దించి నవ్వారు. కంపెనీవాళ్లు ఆరెమ్మెస్ అని రాసే ఆ అంకెను నేను రెండేళ్లుగా ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఆ రోజునుంచి మా కొట్లో దాని పేరు రోజు తిండి.

తర్వాత నన్ను బయటికి తీసుకెళ్లి, వ్యాను ఎక్కించి, వెనక సీట్లో కూర్చోబెట్టింది. తను కింద నిలబడి అడిగింది.

"ఎనక సీట్లో ఎవులు కూకుంటారో నీకు తెలుసేటి?"

కాలేజీ పిల్లలు అన్నాను. కాదంది. పిల్లలు ఎనిమిదిన్నర వరకే. పదకొండింటికి కూరగాయల గంపలతో ఆడవాళ్లు ఎక్కుతారు. మధ్యాహ్నం పెద్దాసుపత్రికి పోయే ముసలివాళ్లు.

"నీ డబ్బా ఇక్కడెడితే ఒక మనిషి దిగిపోవాల. దిగిపోయేది గుంటడు కాదు బాబూ. ముసిల్దే."

సీటు కింద ఖాళీని చేత్తో కొలిచింది. జానెడుంది. ఆ జానెట్లో పట్టే పెట్టె ఏదో అదే చూపించమంది.

అలా మూడు సోమవారాలు నడిచింది బేరం. రెండో సోమవారం తోడుగా ఒక కూరలమ్మను తీసుకొచ్చింది. నా గోడ మీదున్న స్పీకర్లన్నీ ఒక్కొక్కటే మోగించమని, ఆమెను కళ్లు మూసుకుని వినమంది. పదంగుళాల దానికి కూరలమ్మ పొట్ట పట్టుకుని, పేగులు కదులుతున్నాయంది. ఎనిమిదంగుళాల దానికి మాత్రం తల ఆడించి, మా ఊరి డప్పులాగ ఉన్నాదంది. అంతటితో సైజు తేలిపోయింది. పెట్టె చెక్కతో చేయించాలని, రంధ్రం లేకుండా మూసేస్తే దెబ్బ పొడిగా, గట్టిగా వస్తుందని నేను చెప్పాను. యాంప్లిఫయరు నాలుగు చానెళ్లది చాలు. రెండు చానెళ్లు కలిపి బేసుకు, మిగిలిన రెండూ వెనకున్న రెండు స్పీకర్లకు. మొత్తం కలిపి ఆమె మొదటి రోజు తన వల్ల అవుతుందన్న దానిలోపే వచ్చింది. కదలని సరుకు కదలకుండానే ఉండిపోయింది.

కట్టే రోజు మామూలుగా అందరూ బండి వదిలి సినిమాకో టిఫినుకో పోతారు. ఆమె ఒక ఖాళీ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని, నేను లాగే ప్రతి తీగా ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో అడిగింది. బలం మోసే తీగ ఎడమ పక్కనుంచి, పాట మోసే తీగ కుడి పక్కనుంచి ఎందుకు లాగుతున్నానో చెప్పించుకుంది. ఆ రకం వ్యానులో బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉంటుంది. అక్కణ్ణించి ఎర్ర తీగ వెనక్కి లాగి, ఫ్యూజును యాంప్లిఫయరు పక్కన బిగించాను. అక్కడైతే మార్చడం తేలిక.

"ఇది కాలిపోతే కరెంటు ఆగిపోతాదన్నావు కదా. మరి ఇంత ఎనక ఎట్టినావేటి?"

ఎక్కడున్నా ఒకటేనన్నాను.

"ఒకటెలగవుతాది. సెరువు కాడ మదుం ఎట్టకుండా పొలం కాడ ఎట్టినావు. నడుమ గట్టు తెగితే నీళ్లు ఎవులాపుతారు?"

మదుమంటే మా వైపు తూము. బ్యాటరీకి మూరలోపు ఫ్యూజు ఉండాలని కంపెనీ కాగితంలోనే ఉంది. నాకు తెలుసు కూడా. తీగ మధ్యలో ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకు తగిలితే, వెనకున్న ఫ్యూజు ఏమీ చెయ్యలేదు, తీగంతా కాలుతుంది. ఆ కాలేది ఆమె సీటు కిందే. బద్ధకం కొద్దీ అప్పటికి నలభై యాభై కార్లు అలాగే కట్టి పంపాను. నాన్న పేపరు మడిచి నన్నే చూస్తున్నారు. ఫ్యూజు ఊడదీసి బ్యాటరీ పక్కన బిగించాను. తర్వాత రెండు నెలలు, పాత గిరాకీలకు ఒక్కొక్కరికే ఫోను చేసి పిలిపించి మార్చాను. ఎందుకని అడిగినవాళ్లకు కొత్త పద్ధతి వచ్చిందని అబద్ధం చెప్పాను.

అయితే ఆ రోజు ఆమె చేసిన తప్పు కూడా ఒకటుంది. ఎర్తు తీగ కోసం బండి నేల మీద రూపాయి బిళ్లంత మేర రంగు గీకాలి. ఒప్పుకోలేదు. ఆ చిలకాకుపచ్చ రంగు లోపలా బయటా ఆమె తన చేత్తో వేసుకున్నది. గీకుతానంటే పసిపిల్ల చెయ్యి కోస్తానన్నట్టు చూసింది. నేనూ గట్టిగా చెప్పకుండా, సీటు కింద తుప్పు పట్టిన పాత బోల్టుకు ఎర్తు కట్టేసి పంపేశాను.

మూడో రోజు పదకొండు దాటాక వ్యాను మళ్లీ గుమ్మానికి అడ్డంగా ఆగింది, నిండా జనంతో. ముందు ఆమె దిగింది. వెనకాల కూరలమ్మ దిగింది. ఆమె వెనక ఒక కాలేజీ కుర్రాడు, చొక్కా మీద గోంగూర ఆకులతో దిగాడు.

దారిలో జరిగింది ఇది. పాట ఆగినప్పుడల్లా వెనకనుంచి సన్నగా ఈల వినబడుతోంది. బండి జోరందుకుంటే ఈల కూడా జోరందుకుంటోంది. కూరలమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆ రోజు కాలేజీకి ఆలస్యమైన ఈ కుర్రాడొక్కడే వెనక ఉన్న మగవాడు. మూడోసారి ఈల రాగానే చేతిలో ఉన్న గోంగూర కట్టతో వాడి భుజం మీద నాలుగు వేసింది. వాడు మూతి మూసుకుని చూపిస్తున్నా ఈల మోగుతూనే ఉంది. వ్యానప్ప ఇంజను ఆపింది. ఈల ఆగింది. మళ్లీ వేసింది. మళ్లీ మొదలైంది. అప్పుడు అందరినీ వెంటబెట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు కట్టిన పెట్టె నా బండిలో ఆడోళ్లకి ఈలలేత్తన్నాది" అంది, చాలా శాంతంగా.

ఎర్తు సరిగా పట్టకపోతే ఇంజను చప్పుడే స్పీకర్లలోకి ఈలలా వస్తుందని చెప్పాను. రంగు గీకక తప్పదన్నాను. గీకడానికి నేను తీసిన ఉప్పుకాగితం ఆమె నా చేతిలోంచి తీసుకుంది. వ్యానులోకి ఎక్కి, మొహం పక్కకు తిప్పుకుని, తనే గీకింది. ఇనుము మెరిసేదాకా గీకింది. ఎర్తు అక్కడ బిగించి ఇంజను వేస్తే, పాటకూ పాటకూ మధ్య ఏమీ వినబడలేదు. జనం అంతా చెవులు రిక్కించి ఏమీ లేకపోవడాన్ని విన్నారు.

కూరలమ్మ ఆ కుర్రాడి చొక్కా దులిపింది. దెబ్బలకు వాడిన గోంగూర కట్టకు ఇంకో కట్ట జతచేసి, మీ అమ్మకియ్యి నాయనా అని చేతిలో పెట్టింది. వాడు ఆ గోంగూరతోనే కాలేజీకి వెళ్లాడు. వ్యానప్ప నాతో, తప్పు నాదే బాబూ, రంగు మీద మమకారం అంది. నేను గట్టిగా చెప్పకపోవడం నా తప్పని నేనన్నాను. ఆ సగం నువ్వు ఉంచుకో అని బండెక్కింది.

యాంప్లిఫయరుతో పాటు బేసు పెంచి తగ్గించే చిన్న మర ఒకటి వచ్చింది. అది స్టీరింగు పక్కన కట్టాను. దాన్ని ఆమె కొళాయి అనేది. పొద్దున్న పిల్లలు ఎక్కగానే కొళాయి ఇప్పేది. గంపలెక్కితే సగం కట్టేది. ఆసుపత్రివాళ్లు ఎక్కితే మొత్తం కట్టేసేది. దారిలో ఎవరింటి ముందైనా చావు టెంటు కనబడితే, ఎవరూ అడగకుండానే కొళాయి కట్టేసి, ఊరు దాటాక ఇప్పేది. పిల్లలకు ఇది నచ్చలేదు. మొదటి నెల సగంమందే తిరిగొచ్చారు. మిగతా సగం ఆ కొత్త వ్యాను పెద్ద పెట్టెనే ఇష్టపడ్డారు.

మార్చి నెలలో డిగ్రీ పరీక్షల రోజు పొద్దున, ఆ కొత్త వ్యాను దారి మధ్యలో ఆగిపోయింది. బ్యాటరీ చచ్చిపోయింది. పిల్లలు హాల్‌టికెట్లు జేబుల్లో పెట్టుకుని బండి తోస్తున్నారు. వెనకాల ఈమె వచ్చింది. ఆమె బండి అప్పటికే నిండుగా ఉంది. ఆ వేళ పెందరాళే ఎక్కిన కూరగాయల ఆడవాళ్లు తమ గంపలు పైకెక్కించి, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. ఏడుగురు పిల్లల్ని కుక్కింది. వాళ్లను కాలేజీ గేటు దగ్గర దింపి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. ఆ డ్రైవరు కుర్రాడు ఇంకా రోడ్డు పక్కనే ఉన్నాడు. అతని బ్యాటరీకి తన బ్యాటరీనుంచి తీగలేసి బండి లేపింది. లేపి వదిలేయలేదు. ముందు నువ్వు పోనీ, నేను వెనకొస్తానని అతన్ని మా కొట్టు దాకా తోలుకొచ్చింది.

అతని పెట్టెలో చూస్తే, నా కొట్లో కదలని యాంప్లిఫయరు లాంటిదే ఉంది. దానికి తోడు అలాంటివే ఇంకో రెండు. ఆమె అతన్ని తను కట్టే రోజున కూర్చున్న డబ్బా మీదే కూర్చోబెట్టి చెప్పింది.

"ఒరే, నీ డబ్బా రోజూ పెళ్లి బోజనం తింటన్నాది. బేటరీ గుల్లయిపోదేటి? రోజు తిండి ఎంతో అడిగి ఎట్టించుకో."

అతను సరేనన్నాడు. రెండు తీయించి ఒకటే ఉంచుకున్నాడు. తర్వాత పిల్లలు ఏ బండి ముందొస్తే అది ఎక్కేవారు. ఆమెకు కావలసింది అంతే. పోటీలో గెలవాలని ఆమె ఎప్పుడూ అనలేదు, సీట్లు నిండాలంది.

ఆ ఏడు వానాకాలంలో మా నాన్నా నేనూ ఎస్.కోటలో చుట్టాల గృహప్రవేశానికి పోవాలి. నా కారు షెడ్డులో ఉంది. బస్సు కోసం చూసి చూసి ఆమె వ్యానే ఎక్కాం. నాన్నకు అప్పటికి గుండెకు స్టెంటు వేసి నాలుగు నెలలు. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నారు, సరిగ్గా పెట్టె మీద. అద్దంలో ఆయన్ను చూసి ఆమె కొళాయి కట్టేసింది. ఇళ్లకు పోతున్న పిల్లలు గొణిగారు. ఎవరూ దిగలేదు.

కొంతదూరం పోయాక నాన్న, పాట ఎందుకు ఆపావమ్మా అని అడిగారు. మీ ఆరోగ్యం గురించి మీవాడు చెప్పాడంది.

"మావాడికి తీగల సంగతి తెలుసు గానీ గుండె సంగతేం తెలుసు. పెట్టు."

ఆమె నావైపు చూడలేదు. కొళాయి కొద్దిగా, పావు వంతు ఇప్పింది. అదొక పాత పాట. బయట వాన. నాన్న కళ్లు మూసుకుని విన్నారు. మాట స్పష్టంగా వినబడుతోంది, కింద దెబ్బ మెత్తగా సీట్లోంచి వస్తోంది. పాట అయ్యాక ఆయన నావైపు తిరిగి, బాగా కట్టావురా అన్నారు. కొట్టు పెట్టి మూడేళ్లయింది. ఆ మాట అదే మొదటిసారి.

ముందు సీట్లోంచి ఆమె గొంతు వినబడింది. "అందులో సగం నాను కట్టిందే సావుకారుగారూ." బండి మొత్తం నవ్వింది. అందరికంటే ఎక్కువగా నాన్నే నవ్వారు.

మరో నాలుగేళ్లకు, ఒక వేసవి చివర, ఆమె వచ్చి సెట్టంతా ఊడదీయమంది. ఎస్.కోటలో ఒక బడికి పిల్లల బండిగా పెట్టిందట. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, మధ్యలో ఇంటికాడ ఉండొచ్చు. నాకు చేతులు రాలేదు. చిన్న స్పీకర్లయినా ఉంచుకో అప్పా, డబ్బులేమీ వద్దన్నాను. ఆమె నవ్వింది.

"పిల్లల బండికి బేసెందుకు బాబూ. పన్నెండుమంది గుంటలు. ఆళ్లే బేసు."

ఊడదీశాను. పెట్టెను చెల్లెలి కొడుకు ఆటోకు పట్టుకెళ్లింది. ఆ తర్వాత ఆమె మా కొట్టుకు రావలసిన పనేమీ లేకపోయింది.

ఒకే ఒక్కసారి మళ్లీ చూశాను. ఎస్.కోట దగ్గర రైలుగేటు పడితే కారు ఆపి కూర్చున్నాను. నాకు మూడు బండ్ల ముందు, గేటుకు ఆనుకుని ఆమె వ్యాను. పసుపు రంగు వేశారు. లోపల పిల్లలు పదమూడో ఎక్కం అరుస్తున్నారు. కిటికీలోంచి బయటికి పెట్టిన ఆమె చెయ్యి ఎక్కానికి తగ్గట్టు తలుపు మీద దరువు వేస్తోంది. పదమూడు ఆర్ల దాకా బాగానే పోయారు. పదమూడు ఏడ్ల దగ్గర అందరూ ఆగిపోయారు. తలుపు మీద చెయ్యి కూడా ఆగింది. ఆమె వెనక్కి తిరిగి, ఏమాత్రం సందేహం లేకుండా, తొంభై రెండు అంది.

కావాలనే తప్పు చెప్పిందో, నిజంగా అంతే అనుకుందో నాకు తెలియదు. తొంభై ఒకటి అని పన్నెండు గొంతులు ఒక్కసారి అరిచాయి. నా కారు అద్దాలు మూసే ఉన్నాయి, అయినా వినబడింది. అప్పుడే గేటు లేచింది. అన్నిటికంటే ముందు ఆమె బండి పట్టాలు దాటింది, పదమూడు ఎనిమిదులు అందుకుంటూ.